హగ్గయి తిట్టాడా, ధైర్యం చెప్పాడా? పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం హగ్గయి, జెకర్యా గ్రంథాల మీదే. బబులోను చెర నుంచి తిరిగొచ్చిన యూదులు యెరూషలేములో మందిరం మళ్లీ కట్టుకుంటుంటే, పక్కన నిలబడి వాళ్లకు ధైర్యం చెప్పిన ఇద్దరు ప్రవక్తలు వీళ్లు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఎక్కడ చూసినా ఏదో ఒక మందిరం సగంలో ఆగి ఉంటుంది కాబట్టి ఈ ప్రశ్నలు రావడంలో ఆశ్చర్యం లేదు. పేర్లు వేయొద్దన్నవాళ్లే ఎక్కువ, అందుకే ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మాది కందుకూరు దగ్గర పల్లె. మా సంఘం మందిరం లింటెల్ దాకా లేచి ఆగిపోయింది, ఊచలు తుప్పు పడుతున్నాయి. మొన్న బయటి నుంచి వచ్చిన ఒక ప్రసంగీకుడు హగ్గయి తీసి, "మీకు స్లాబు ఇళ్లు, దేవుడికి మొండి గోడలా" అని గంటన్నర వాయించాడు. మేం అప్పు చేసి ఇళ్లు కట్టుకున్నవాళ్లం. పొగాకు రేటు కూడా పడిపోయిన ఏడాది. మా ఆవిడ ఆ రోజు అన్నం కూడా తినలేదు. ప్రవక్తలు ధైర్యం చెప్పడం అంటే ఇదేనా? (ఒక పొగాకు రైతు)

జవాబు: అన్నా, హగ్గయి గ్రంథం మొత్తం రెండు అధ్యాయాలు, 38 వచనాలు. టీ చల్లారేలోపు చదివేయొచ్చు. మీ ప్రసంగీకుడు మొదటి అధ్యాయం నాలుగో వచనం దగ్గర బండి ఆపేసినట్టున్నాడు. అక్కడ ఆపితే అది తిట్టే, కాదనను. కానీ హగ్గయి అక్కడ ఆపలేదు కదా.

జరిగింది వరసగా చూడండి. అది క్రీ.పూ. 520, పారసీక రాజు దర్యావేషు ఏలుబడిలో రెండో ఏడు, ఆరో నెల మొదటి రోజు, మన లెక్కలో ఆగస్టు నెలాఖరు. హగ్గయి మాట ముందుగా వెళ్లింది ఎవరి దగ్గరికో గమనించండి: దేశాధికారి జెరుబ్బాబెలు దగ్గరికి, ప్రధాన యాజకుడు యెహోషువ దగ్గరికి. అంటే పెద్దలను పిలిచి మొదలుపెట్టాడు, వెనక చాప మీద కూర్చున్న ముసలమ్మతో కాదు. జనం అప్పటికి "ఇంకా సమయం రాలేదులే" అంటున్నారు. దానికి ఆయన అడిగింది ఒక్క ప్రశ్న: మందిరం పాడుబడి ఉండగా మీరు సరంబీ వేసిన ఇళ్లలో ఉండటానికి ఇది సమయమా? సరంబీ అంటే గోడలకు, పైకప్పుకు చెక్క పలకలు తాపడం చేయించడం. సొలొమోను తన మందిరానికి దేవదారుతో చేయించింది అలాంటి పనే. అప్పు మీద సిమెంటు ఇల్లు లేపుకున్నవాడికి ఆ మాట తగిలిస్తే ఎలా?

ఆ వెంటనే ఏమన్నాడో చూడండి. మీరు బోలెడంత విత్తారు, చేతికొచ్చింది కొంచెమే; తింటున్నారు, ఆకలి తీరడం లేదు; కూలి డబ్బు చినిగిపోయిన సంచిలో వేసినట్టు అవుతోంది. వాళ్ల కష్టం చూడకుండా మాట్లాడినవాడు ఇలా అనలేడు. అడిగింది కూడా ఎంతో పెద్దదేం కాదు: కొండెక్కి కలప తెండి, కట్టండి. ఫలానా ఇంటికి ఇంత అని వసూలు చిట్టా ఆ గ్రంథంలో ఎక్కడా లేదు. కలప తెచ్చే ఒళ్లు, కలప తెచ్చే పూట, అంతే అడిగాడు.

జనం భయపడ్డారు, మాట విన్నారు. విన్న మరుక్షణమే రెండో మాట: "నేను మీకు తోడుగా ఉన్నాను." అదే నెల 24న పని మొదలైంది. ఇంకో నెల తిరక్కుండానే, ఏడో నెల 21న, మళ్లీ వచ్చి ఒకే వచనంలో మూడుసార్లు ధైర్యం చెప్పాడు, జెరుబ్బాబెలుకు ఒకసారి, యెహోషువకు ఒకసారి, దేశంలో ఉన్న జనమందరికీ ఒకసారి. పని మొదలయ్యాక ఇళ్ల ప్రస్తావన మళ్లీ ఎత్తనే లేదు. మీ ఆవిడ చేత 1వ అధ్యాయం 13, 2వ అధ్యాయం 4 చదివించండి. గంటన్నర వాయింపులో ఈ రెండు వచనాలకు చోటు దొరకలేదంటే, ఆ లోపం హగ్గయిది కాదు.

ఇంకో మాట, ఇది బైబిలు సంగతి కాదు. బయటికి కనిపిస్తున్న ఊచలకు సిమెంటు పాలు పూయించి పట్టా చుట్టించండి, లేదంటే మళ్లీ పని మొదలుపెట్టే రోజుకి ఆ ఇనుము పనికిరాదు. ఇప్పటిదాకా ఎంత వచ్చింది, ఎంత ఖర్చయింది అన్నది ఒక కాగితం మీద రాసి మందిరం గోడకు అతికించమని మీ సంఘ పెద్దలను అడగండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ప్రశ్న: నేను రిటైరైన టీచర్ని. మా పాత మందిరం ఎత్తైన కప్పు, పెద్ద గంట, బల్లల మీద నున్నగా అరిగిన చెక్క. అది శిథిలమైందని తీసేసి, ఉన్న డబ్బుతో రేకుల హాలు వేశారు. ఆదివారం అక్కడ కూర్చుంటే నాకు ఏడుపొస్తుంది. "ఎప్పుడూ పాతదేనా ఆంటీ, విశ్వాసం లేదా" అంటున్నారు కుర్రాళ్లు. నిజంగా నాది అవిశ్వాసమేనా? (కావలి)

జవాబు: కాదమ్మా. మీలా ఏడ్చినవాళ్లు ఎజ్రా గ్రంథంలోనే ఉన్నారు, 3వ అధ్యాయం చివర.

చెర నుంచి వచ్చినవాళ్లు పునాది వేసిన రోజు అది. యాజకులు బాకాలు ఊదారు, లేవీయులు తాళాలు వాయించారు. కుర్రవాళ్లు సంతోషంతో కేకలు పెడుతుంటే, మొదటి మందిరాన్ని కళ్లారా చూసిన ముసలివాళ్లు గొంతెత్తి ఏడ్చారు. ఏది కేకో ఏది ఏడుపో విడదీసి చెప్పలేనంతగా రెండూ కలిసిపోయాయనీ, ఆ శబ్దం చాలా దూరం వినిపించిందనీ రాశాడు. ఏడ్చినవాళ్లను ఒక్క మాట అనలేదు, ఎవరూ అన్నట్టు కూడా రాయలేదు.

తర్వాత హగ్గయి వంతు. బబులోను రాజు నెబుకద్నెజరు సేన పాత మందిరాన్ని తగలబెట్టింది క్రీ.పూ. 586లో. అప్పటికి పదేళ్ల పిల్లవాడు హగ్గయి మాట్లాడే నాటికి 76 ఏళ్ల తాత. పర్ణశాలల పండుగ ఆఖరి రోజు, ఊరంతా పోగై ఉన్నప్పుడు, హగ్గయి ఆ తాతల వైపు తిరిగి అడిగాడు: ఈ మందిరం మునుపటి మహిమ చూసినవాళ్లు మీలో ఎవరు మిగిలారు? ఇప్పుడు ఇది మీకు ఎలా కనిపిస్తోంది? దానితో పోలిస్తే ఇది ఎందుకూ కొరగానిదిగా లేదా?

ఈ ప్రశ్న దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. ధైర్యం చెప్పడానికి వచ్చిన మనిషి "అబ్బే, ఇదీ బాగానే ఉందిలే" అనలేదు. వాళ్ల మనసులో ఉన్నది తానే ముందు బయటపెట్టాడు. నిజంగానే అది చిన్నది, బంగారం లేదు, నిబంధన మందసం (పది ఆజ్ఞల పలకలు ఉంచిన పెట్టె) కూడా పోయింది, రెండో మందిరంలో అది మళ్లీ లేనేలేదు. అదంతా ఒప్పుకున్నాక అన్నాడు, వెండి నాది, బంగారం నాది, ఈ కడవరి మందిరపు మహిమ మునుపటిదానికన్నా గొప్పది, ఈ చోట నేను సమాధానం ఇస్తాను అని దేవుడు చెబుతున్నాడని. కాబట్టి ఏడవండి, తప్పేం లేదు. ఆ పాత బల్ల ఒక్కటైనా మిగిలి ఉంటే కొత్త హాల్లో ముందు వరసలో వేయించమని మీ కుర్రాళ్లనే అడగండి, వాళ్లకూ ఒక పని.

ప్రశ్న: పారసీక రాజు కోరెషు స్వయంగా కట్టమని ఆజ్ఞ ఇచ్చాక పని అన్నేళ్లు ఎందుకు ఆగింది? శత్రువుల వల్లా, జనం బద్ధకం వల్లా? (డిగ్రీ విద్యార్థి, ఒంగోలు)

జవాబు: రెండూ. ఎజ్రా శత్రువుల సంగతి చెబుతాడు, హగ్గయి వాళ్ల ఊసే ఎత్తడు. నీకు సరదాగా ఉంటే హగ్గయి రెండు అధ్యాయాలూ వెతుకు తమ్ముడూ, పొరుగువాళ్లు అడ్డం పడ్డారన్న మాట ఒక్కటి కూడా కనపడదు.

కోరెషు బబులోనును పట్టుకున్నది క్రీ.పూ. 539లో, మరుసటి ఏడు యూదులను వెళ్లమన్నాడు. ఎజ్రా లెక్క ప్రకారం వచ్చినవాళ్లు 42,360 మంది, దాసదాసీలు కాక. ముందు బలిపీఠం, రెండో ఏడు పునాది. అప్పుడు చుట్టుపక్కలవాళ్లు మేమూ కలుస్తామన్నారు, జెరుబ్బాబెలు వద్దన్నాడు. దాంతో బెదిరింపులు, రాజు దగ్గర లంచాలు. అట్లా పదిహేను పదహారేళ్లు గడిచిపోయాయి, ఈలోపు కోరెషు పోయాడు, కొడుకు కాంబిసెస్ ఐగుప్తు (ఈజిప్టు) మీదికి దండెత్తాడు, ఆయన పోయాక సింహాసనం కోసం గొడవలు, చివరికి 522లో దర్యావేషు. పై నుంచి అడ్డు, లోపల నిరుత్సాహం. అడ్డు పోయాక కూడా నిరుత్సాహం పోలేదు, అక్కడే ప్రవక్తలు అవసరమయ్యారు.

కోరెషు గురించి బైబిలు బయట ఏమైనా ఉందా అని కూడా అడిగావు. 1879లో బబులోను శిథిలాల్లో దొరికిన మట్టి స్తూపిక ఒకటి లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. అందులో యూదుల పేరు గానీ యెరూషలేము పేరు గానీ లేవు, యూట్యూబ్‌లో ఎవరైనా ఉన్నాయంటే నమ్మకు. కానీ చెరపట్టిన దేవతా విగ్రహాలను వాటి వాటి గుళ్లకు తిరిగి పంపించానని ఆయన చెప్పుకున్నాడు, ఆ పద్ధతి ఎజ్రా చెప్పినదానికి సరిపోతుంది.

పని మళ్లీ మొదలయ్యాక యూఫ్రటీసు ఇవతలి ప్రాంతపు అధికారి తత్తెనై వచ్చి, ఎవరిచ్చారు మీకు పర్మిషన్, మీ నాయకుల పేర్లు రాసివ్వండి అన్నాడు. రాసిచ్చారు. రాజుకు ఉత్తరం వెళ్లి జవాబు వచ్చేదాకా పని మాత్రం ఆపలేదు. రాజు బబులోనులో వెతికించాడు, చివరికి కోరెషు ఆజ్ఞ మాదీయుల దేశంలో ఎగ్బతానా కోటలో దొరికింది. (ఒక ఆఫీసులో ఉండాల్సిన ఫైలు ఇంకో ఊళ్లో తేలడం మనకు కొత్తా!) ఖర్చు ఆ ప్రాంతపు పన్నుల్లోంచే ఇవ్వమని దర్యావేషు తత్తెనైకే రాశాడు. క్రీ.పూ. 515లో, అదారు నెల 3న మందిరం పూర్తయింది.

ప్రశ్న: నేను తాపీ మేస్త్రిని. జెకర్యా చదివితే గుర్రాలు, కొమ్ములు, ఎగిరే పుస్తకం, తూములో కూర్చున్న ఆడమనిషి, ఏమీ ఎక్కడం లేదు. గుండునూలు అన్న మాట ఒక్కటే నాది అనిపించింది. పనిచేసుకునేవాడికి ఆ దర్శనాల్లో ధైర్యం ఎక్కడుంది? (సింగరాయకొండ)

జవాబు: మేస్త్రిగారూ, మీరు పట్టుకున్నది సరైన చోటే. మిగతావి కూడా గోడ కట్టేవాడి వైపు నుంచి చదివితే తేలికవుతాయి.

హగ్గయి మొదలుపెట్టిన రెండు నెలలకు, ఎనిమిదో నెలలో, ఇద్దో మనవడు జెకర్యా నోరు విప్పాడు. దర్శనాలన్నీ పదకొండో నెల 24న ఒకే రాత్రి వచ్చాయి. అంటే పని ఐదు నెలలుగా నడుస్తోంది, మొదటి ఊపు తగ్గింది, లోపలి భయాలు పైకి వచ్చే సమయం. ఆ భయాలకే ఆ రాత్రి ఒక్కొక్కటిగా జవాబు దొరికింది.

కొమ్ములంటే యూదాను చెదరగొట్టిన రాజ్యాలు. వాటిని పడగొట్టడానికి వచ్చింది గుర్రపు దళం అనుకుంటాం. కాదు, నలుగురు చేతిపనివాళ్లు! మీకు ఇంతకన్నా ఏం కావాలి?

తర్వాత కొలనూలు పట్టుకున్న ఒక కుర్రవాడు యెరూషలేము పొడవు వెడల్పు కొలవడానికి బయల్దేరతాడు. ప్రాకారం లేని ఊళ్లో రాత్రి నిద్ర పట్టని కాలం అది. కొలవొద్దు, జనమూ పశువులూ నిండిపోయి ఈ ఊరు గోడల్లో పట్టదు, చుట్టూ అగ్ని ప్రాకారంగా నేనుంటాను అన్నాడు దేవుడు. రాతి గోడ వచ్చింది ఇంకో 75 ఏళ్లకు, దాన్ని కట్టించిన నెహెమ్యా రోజుల్లో. అప్పటిదాకా ఈ మాట మీదే పడుకున్నారు.

యెహోషువ మురికిబట్టల దర్శనం మీకు అంత అవసరం లేదనుకుంటాను, అది యాజకుడికి. ఆయన మీద నేరం మోపేవాడిని దేవుడే నోరు మూయించి, మంచి బట్టలు తొడిగించి, తలపాగా పెట్టించాడు.

ఇక మీ గుండునూలు, 4వ అధ్యాయం. జెరుబ్బాబెలు సంగతి తెలిస్తే ఇది బాగా పడుతుంది. ఆయన దావీదు వంశం, చెరకు వెళ్లిన రాజు యెకొన్యా మనవడు. రాజు కావాల్సిన మనిషి పారసీకుల కింద ఒక చిన్న ప్రాంతానికి అధికారి. సైన్యం లేదు, ఖజానా లేదు. "శక్తిచేతనైనను బలముచేతనైనను కాక నా ఆత్మచేతనే" అన్న వచనాన్ని మనం క్యాలెండర్ల మీద వేసుకుంటాం గానీ, అది చెప్పింది శక్తీ బలమూ రెండూ లేని ఈ మనిషికి. వెంటనే ఇంకో మాట: ఈ పునాది వేసింది జెరుబ్బాబెలు చేతులే, ముగించేదీ ఆ చేతులే. కార్యాలు అల్పంగా ఉన్న రోజును చిన్నచూపు చూసినదెవరు, ఆయన చేతిలో గుండునూలు చూసి సంతోషిస్తారు.

మీరు గోడ పక్కన నిలబడి, గుండు ఊగడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి, ఒక కన్ను మూసి దారానికీ ఇటుకకీ మధ్య సందు చూస్తారు కదా, ఆ పనిలో ఉన్నాడు ఇక్కడ దేశాధికారి. కిరీటం పెట్టుకోవాల్సిన వంశంవాడు గుండు పట్టుకుని గోడ నిలువు చూస్తుంటే, దాన్ని చూసి సంతోషించమంటున్నాడు ప్రవక్త. పెద్ద కార్యక్రమాన్ని చూసి కాదు, రిబ్బన్ కత్తిరింపును చూసి కాదు.

8వ అధ్యాయం కూడా చదవండి. మీ చేతులు బలపరచుకోండి అంటాడు, ఇంతకు ముందు మనిషికి కూలి లేదు, పశువుకు బాడుగ లేదు అని కూడా గుర్తుచేస్తాడు. ఆపైన ఆయన చూపించే యెరూషలేము ఎట్లా ఉంటుందంటే, వయసుడిగి చేతికర్ర పట్టుకున్న ముసలివాళ్లు, ముసలమ్మలు వీధుల్లో కూర్చుని ఉంటారు, ఆడుకునే మగపిల్లలతో ఆడపిల్లలతో వీధులు నిండి ఉంటాయి. అంతే. యుద్ధమూ కరువూ చూసిన ఊరికి ముసలివాళ్లు మిగలడమూ పిల్లలు వీధిలో ఆడటమూ ఎంత పెద్ద సంగతో వేరే చెప్పక్కర్లేదు.

ప్రశ్న: నేను క్రైస్తవుణ్ణి కాను, మా స్నేహితుడి ఇంట్లో మీ పత్రిక చదువుతుంటాను. గుడి పని ఆపితే కరువు, కడితే పంట అంటాడు మీ ప్రవక్త. ఇది బేరం కాదా? మా వైపు ఎన్ని గుళ్లు, చర్చిలు కట్టినా బోర్లు ఎండుతూనే ఉన్నాయి. (పొదిలి)

జవాబు: సూటిగా అడిగారు, దాచను. హగ్గయి ఆ రెండింటినీ ముడిపెట్టాడు. ఇరవై కొలలు వస్తాయనుకున్న కుప్ప దగ్గర పదే వచ్చాయి, యాభై కొలల ద్రాక్షరసం అనుకుంటే ఇరవై. నెల్లూరు రైతు మాటలో చెప్పాలంటే నాలుగు పుట్లు అనుకున్న చోట రెండు పుట్లు. తెగులు, కాటుక, వడగండ్లు, అన్నీ ఏకరువు పెట్టాడు. అయితే ఆ మాట ధర్మశాస్త్రపు నిబంధన కింద ఉన్న ఒక జనానికి, ఒక ఏటి గురించి చెప్పింది. దాన్ని పీకి పొదిలి బోర్లకు అంటించే హక్కు నాకూ లేదు, మా ప్రసంగీకులకూ లేదు.

బేరం అనడానికి ఒక చిక్కుంది. "ఈ రోజు మొదలుకొని మిమ్మల్ని ఆశీర్వదిస్తాను" అన్న మాట వచ్చింది తొమ్మిదో నెల 24న, డిసెంబరులో. అప్పటికి వాళ్లు మూడు నెలలుగా రాళ్లు మోస్తున్నారు. ద్రాక్ష, అంజూరం, దానిమ్మ, ఒలీవ ఏదీ ఇంకా కాపుకు రాలేదని హగ్గయే అంటున్నాడు. ముందు పంట చూపిస్తే తర్వాత పని చేస్తాం అని వాళ్లు అనలేదు. ఆ ఏడు పంట ఎంత పండిందో గ్రంథంలో లేదు కూడా.

రెండేళ్ల తర్వాత కొందరు జెకర్యా దగ్గరికొచ్చి, మందిరం లేస్తోంది కదా, దాని కోసం ఇన్నేళ్లుగా చేసే ఉపవాసం ఇంకా చేయాలా అని అడిగారు. డెబ్బై ఏళ్లు మీరు ఉపవాసం ఉన్నది నా కోసమేనా అని ఎదురు ప్రశ్న వచ్చింది దేవుడి నుంచి. ఆ తర్వాత, న్యాయంగా తీర్పు తీర్చండి, విధవరాలిని, తండ్రి లేనివాడిని, పరదేశిని, దరిద్రుడిని బాధించకండి. బేరగాడు ఈ షరతు పెట్టడు.

మన జిల్లాలోనే ఒక సంగతి చెప్తాను. 1876–78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్లకు కూలి ఇప్పించాడు. సాయం కోసం మతం మారారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఇవ్వడం ఆపేశాడు. వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది అదంతా అయ్యాక, 1878 జూలై 3న. తిండికీ దేవుడికీ మధ్య బేరం పెట్టకూడదని ఆయనకూ తెలుసు.

ప్రశ్న: మా అబ్బాయి వీసా కోసం ఏడాదిగా తిరుగుతున్నాడు. ఫోన్లో ప్రార్థన చేసే ఒకాయన "మార్చిలోపు వస్తుందని ప్రభువు చెప్పాడు, కానుక పంపండి" అన్నాడు. హగ్గయిలాంటి ప్రవక్తో కాదో ఎట్లా తెలుసుకోవాలి? (గృహిణి, నెల్లూరు)

జవాబు: అమ్మా, డబ్బు పంపకండి. పంపేసి ఉంటే ఇంకోసారి పంపకండి.

కూలికి మాట్లాడే ప్రవక్తలు ఆ రోజుల్లోనూ ఉన్నారు. నెహెమ్యా గోడ కడుతుంటే షెమయా అనే ఆయన తలుపులు వేసుకుని కూర్చుని, నిన్ను చంపడానికి వస్తున్నారు, రా, మందిరంలోకి వెళ్లి దాక్కుందాం అన్నాడు. నెహెమ్యా యాజకుడు కాదు, లోపలికి వెళితే తప్పు, పైగా పరువు పోతుంది. గోడ పని ఆపాలని చూస్తున్న టోబీయా, సన్బల్లటు ఈ షెమయాకు డబ్బిచ్చి ఈ మాట చెప్పించారని ఆయన పసిగట్టాడు. నోవద్యా అనే ప్రవక్త్రిని, ఇంకొందరు ప్రవక్తలను కూడా అదే వరసలో పేర్కొన్నాడు. గోడ మాత్రం 52 రోజుల్లో అయిపోయింది.

హగ్గయి, జెకర్యాల గురించి ఎజ్రా 5వ అధ్యాయం రెండో వచనం ఏమంటుందంటే, పని మొదలైనప్పుడు దేవుని ప్రవక్తలు వాళ్లతో కూడా ఉండి సహాయం చేశారని. కూడా ఉన్నారు. దుమ్ములో, ఎండలో, తత్తెనై పేర్లు రాసుకుంటున్నప్పుడు. మీకు ఫోన్ చేసే ఆయన్ని ఒకసారి ఇంటికొచ్చి అబ్బాయి కాగితాలు ముందేసుకుని ఏది తక్కువైందో చూసిపెట్టమనండి, కానుక సంగతి ఎత్తకుండా. ఏమంటాడో వినండి. ఎట్లాగూ కాగితాలు మాత్రం తెలిసినవాళ్లకు చూపించండి, చాలాసార్లు ఆగేది బ్యాంకు స్టేట్‌మెంట్ల దగ్గరే.